మా యింటి ప్రయాణము



ఇల్లు మాఱుట యనగా మనకు తెలిసినది యొక్కటే విధము. సామానులు మూటలు గట్టి బండి కెక్కింతుము. మంచి దినము చూచి క్రొత్తయింట పాలు పొంగింతుము. పాతయిల్లు పాతచోటనే యుండిపోవును. మా విషయమున నిది తలక్రిందయ్యెను. 2023వ సంవత్సరము మార్చి నెలలో మేము ఇంటినే కదలించితిమి. గోడలు, కిటికీలు, వంటగది, పైకప్పు, సర్వమును ఒక లారీకి తగిలించి 38 మైళ్లు లాగించుకొని పోయితిమి. ఆ కథ వ్రాయుమని నా చెల్లెలు చాలకాలముగా నడుగుచున్నది. ఇంతవఱకు వ్రాయకుండుటకు తీరికలేమి యొక్కటే కారణము కాదు. కొంత సిగ్గును గలదు. అదియు చెప్పెదను.

మేముండునది అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరమునకు దక్షిణపు దిక్కున. ఈ దేశమునకు వచ్చిన తెలుగువారందఱు గొప్ప యుద్యోగములు చేయుచు మేడలలో నివసింతురని మనవారి నమ్మిక. అట్టివారు చాలమంది యున్న మాట నిజమే. మా వారు మాత్రము పెట్రోలుబంకును ఆనుకొనియున్న దుకాణమున కొలువు చేయుదురు. 2014లో మాకు, అప్పటికే ఇద్దఱి చేతులు మాఱిన మొబైల్ హోమ్ ఒకటి 16,000 డాలరులకు దొరకగా కొంటిమి.

మొబైల్ హోమ్ అనగా కర్మాగారమున తయారైన యిల్లు. పొడవైన ఇనుపదూలములమీద నేల, గోడలు, కప్పు అమర్చి, క్రింద ఇరుసులును చక్రములును తగిలించి, ముందర నొక కొక్కెము బిగించి, రహదారిమీద లాగి తెచ్చి నిలుపుదురు. మాది 14 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. రెండు పడకగదులు, నడుమ వంటగది, ఒక ముందుగది. లోపల నిలుచున్నచో మామూలు ఇల్లే. నిలిపిన తరువాత క్రింద సిమెంటు దిమ్మెల దొంతరలు పెట్టి, నేలలోనికి మరలవలె త్రిప్పి దింపిన ఇనుపకడ్డీలకు లోహపు పట్టీలతో కట్టివేసి, అడుగుభాగము కనబడకుండ చుట్టును పలుచని పలకలు బిగింతురు. ఆ పలకలను వీరు 'స్కర్టింగు' అందురు. ఇంటికి పరికిణీ కట్టుట యన్నమాట. పేరునకు కదలు నిల్లే గాని, వీనిలో చాలభాగము మొదట నిలిపినచోటనే ముసలివై పోవును.

ఇల్లు మాది, క్రింది నేల మాది కాదు. అట్టి యిండ్లు అఱువది వఱకు వరుసగా నిలిపిన యొక తోటలో నెలనెల నేలకు అద్దె కట్టుచు తొమ్మిదేండ్లు కాపుర ముంటిమి. మా వారి స్నేహితులలో నొకరు దానిని 'డబ్బాయిల్లు' అని నవ్విరి. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. అది మొదలు పల్నాటిలోని మా యమ్మకు ఛాయాచిత్రములు పంపునపుడెల్ల ముందరి పూలతొట్లు, తలుపు, దానికి కట్టిన మామిడాకుల తోరణము మాత్రమే కనబడునట్లు తీయించెడిదానను. నిలువుగా తీసిన బొమ్మలో ఇంటి పొడవు కనబడదు గదా!

2022 సెప్టెంబరులో తోట యజమాని వద్దనుండి జాబు వచ్చెను. నేల అమ్ముడుపోయినది; అచట వేఱు కట్టడములు రానున్నవి; ఆరు నెలలలో ఎవరి యిల్లు వారు తీసికొని పోవలయును. 'తీసికొని పొండు' అనుట యెంత తేలిక! ఇంటిని అమ్మజూపితిమి. నిలుపుకొనుటకు చోటులేని యింటి నెవరు కొందురు? "వదలివేసి అద్దెగదులకు పోవుదము" అని మా వారనిరి. నే నొప్పుకొనలేదు. పిల్లల ఎత్తులు ఏటేట గీతలు గీచిన తలుపుచట్ర మొకటి ఆ యింట నుండెను. అది కారణమని వారితో చెప్పలేదు. ఖర్చులు, అద్దెలు లెక్కగట్టి కాగితముమీద చూపితిని.

గాల్వెస్టను ప్రాంతమున నున్న మా వారి పినతండ్రి కుమారుడు తన స్థలమున ఇల్లు నిలుపుకొనుమని ఆదరముతో పిలిచెను. మేమును సిద్ధపడితిమి. అప్పుడు మా పొరుగింటి పెద్దమ్మగారు, "ముందు నీ వంటింటి అలమర తెఱచి చూడుము" అనెను. ఆమె యెనుబదియేండ్లు దాటిన అమెరికా స్త్రీ, విధవ. పేరుతోనే పిలువుమని యామె పట్టుదల. నాకు నోరు రాక 'పెద్దమ్మగారూ' అనెడిదానను. అది తనకు నేను పెట్టిన తెలుగు పేరని యామె మురిసిపోయెడిది. ఆమె చెప్పినట్లు పాత్రలు తీసి చూడగా, అలమర లోపలి తలుపునకు పసుపుబాఱిన కాగిత మొకటి అంటించియుండెను. అందు ఇల్లు చేసిన సంవత్సరము 1998 అనియు, ఎట్టి గాలికి, ఎంత మంచుబరువునకు తగినట్లు కట్టిరో ఆ వివరమును, దేశపటములతో సహా వ్రాసియున్నవి. 1992లో ఆండ్రూ అను తుపాను ఫ్లోరిడాలో ఇట్టి యిండ్లను నుగ్గుచేసిన పిమ్మట, 1994లో ప్రభుత్వమువారు నిబంధనలు బిగించి దేశమును మూడు గాలిమండలములుగా విభజించిరి. మా యిల్లు మొదటి మండలమునది. గాల్వెస్టను సముద్రతీరము రెండవ మండలము. తక్కువ గాలికి కట్టిన యింటిని ఎక్కువ గాలి వీచుచోట నిలుపరాదు. 1900వ సంవత్సరమున ఆ గాల్వెస్టనునే ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన బెట్టుకొనెనని పిదప చదివితిని. 1977 దివిసీమ యుప్పెన మాట మా యింట పెద్దలనోట ఎన్నిమార్లు వినియుంటినో! ఆ కాగితమునకు చేతులు జోడించితిని.

అంతట పెద్దమ్మగారు నన్ను వెలుపలికి గొనిపోయి ఇంటి వెనుకగోడ క్రిందిమూల నున్న ఎఱ్ఱని లోహపు బిళ్ల చూపెను. 1976 జూన్ 15వ తేదీనుండి తయారైన ప్రతి యింటికిని, ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము కట్టినట్లు గుర్తుగా ఆ బిళ్ల యుండును. "ఇది నీకున్నది. నాకు లేదు" అని యామె నవ్వెను. ఆమె యిల్లు 1973 నాటిది. అంతకుముందు నాటి యిండ్లను క్రొత్తగా నిలుపుటకు చాల ఊళ్లు అంగీకరింపవు. లాగువారు చాలమంది ముట్టుకొనరు. ఆ నవ్వునకు అర్థము నాకు ఆనాడు పూర్తిగా తెలియలేదు.

ఇక నేల కొనవలెను. సొమ్ము లేదు. మా యమ్మ పెట్టిన నాలుగుపేటల గొలుసు నావద్ద నుండెను. ఆమెతో చెప్పక యెట్లు అమ్మను? ఒకనాటి రాత్రి ఫోనులో తొమ్మిదేండ్ల దాపఱికమంతయు కక్కివేసితిని. చక్రముల యిల్లనియు, డబ్బా యని నవ్విరనియు, అంతయు. ఆమె కొంతసేపు మాటలాడలేదు. "ఇన్నాళ్లు పరుల నేలమీద నుంటివా? ఇల్లు రేకుతో కట్టిన నేమి, చెక్కతో కట్టిన నేమి? నేల లేదని ముందే చెప్పియుండినచో గొలుసు అప్పుడే అమ్ముమందును గదా!" అని కోపపడెను. నే నేడ్చినది సిగ్గుచేత కాదు. ఆమె సిగ్గుపడునని యిన్నాళ్లు తలచి యుంటినే యని.

డాలసునకు మఱింత దక్షిణమున ఒక యెకరము వాయిదాలమీద దొరకెను. చూడబోయి మడమతో మన్ను గీచితిని. నల్లరేగడి! అచ్చముగా మా పల్నాటి మన్నే. ప్రక్కన ప్రత్తిచేలు కూడ నుండెను. ఈ మన్ను వానకు ఉబ్బును, ఎండకు చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. దానిమీది గోడలు నిలుకడగా నుండవని మా నాయనగారు చెప్పెడివారు; గోడకు దాపున నీరు నిలువనీయరాదని వారి మొదటి పాఠము. అందుచేత తక్కిన విషయములు మా వారికి వదలి, మట్టము పని నేను దగ్గఱ నిలుచుండి చేయించితిని. నడుమ ఎత్తుగా, ఇరువైపుల వాలుగా మన్ను పోసి, దిమ్మిసకొట్టి, పైన కంకర పఱపించి, చుట్టును కాలువ తీయించితిని. కాలువ యక్కఱలేదని యంత్రము నడపువాడు వాదించెను. అతనికి నా ఇంగ్లీషు సగమే తెలిసినను పట్టుదల పూర్తిగ తెలిసెను. విద్యుత్తు స్తంభము, నీటి మీటరు, మురుగుతొట్టి వీనికే ఇంటి వెల దాటిపోయెను. ఇంటిని లాగుటకు 6,500 డాలరులు కలుపుకొని మొత్తము 27,000 డాలరులకు పైగా నైనది. ఈ లెక్క ముందు తెలిసియుండినచో మా వారి మాటయే వినియుందునేమో.

పాతచోట పని వేఱు. మెట్లు, పందిరి, టీవీ పళ్లెము విప్పించితిమి. విద్యుత్తు, గ్యాసు, నీరు, మురుగు గొట్టములను ఆ యా పని తెలిసినవారిచేత ఊడదీయించి, వేడినీటి తొట్టిలోని నీరంతయు దింపివేసితిమి. పన్నులు బాకీ లేకుండ తీర్చి, మార్గమునకు అనుమతిపత్రము తెచ్చితిమి. ఈ రాష్ట్రమున రహదారిమీద సామాన్యముగా పోదగిన వెడల్పు ఎనిమిదిన్నర యడుగులు. మా యిల్లు పదునాలుగు! లాగు మేస్త్రీ వచ్చి అడుగున ప్రాకి చూచి, "చక్రము లేవి?" అనెను. మాకన్న ముందు నిలిపినవారెవరో ఇరుసులు చక్రములతో సహా విప్పి అమ్ముకొనిరట. ఇది ఇచట మామూలేనట. తొమ్మిదేండ్లు మేము చక్రములమీద నున్నామని సిగ్గుపడితిమి గదా, ఆ చక్రములే లేవు! కొక్కెము మాత్రము విప్పి యింటిక్రింద పెట్టియుండిరి. ఇరుసులును టైరులును అద్దెకు తెచ్చుట కతడు మఱి రెండువారములు గడువడిగెను.

ఇంటి పరికిణీ విప్పిన దినమున పిల్లలకు పండుగ. క్రింద మా యబ్బాయి బంతులు మూడు, నా గరిటె యొకటి, ఎవరిదో బొమ్మ యొకటి, ఒక తల్లిపిల్లి దొరకినవి. గరిటె అక్కడి కెట్లు పోయెనో నేటికి నాకు అంతుపట్టలేదు.

లోపల నేను చేయవలసినది మేస్త్రీ వేళ్లుమడిచి చెప్పెను. అద్దములు దింపి పరుపుల నడుమ పెట్టుట, వ్రేలాడు దీపములు విప్పుట, అలమర తలుపులకు పట్టీ అంటించుట. బియ్యపు బస్తాలు, పుస్తకములు, రుబ్బురాయి వంటి బరువులు ఇంట నుంచనేరాదు. వెనుక కొసన బరువున్నచో లాగునపుడు ఇల్లు తోక ఆడించునట. "త్రోవలో ఇల్లు వంగును. గోడలకు పగుళ్లు వచ్చును. భయపడకుము" అని కూడ చెప్పెను. నేను వెంటనే పోయి ఆ తలుపుచట్రమును చూచివచ్చితిని.

ఆ వారమే ఆ మేస్త్రీ మా మాటమీద పెద్దమ్మగారి యింటి అడుగున కూడ ప్రాకి చూచెను. వెలుపలికి వచ్చి టోపీ తీసి నిలుచుండెను. దూలములు తుప్పుపట్టినవి, కొక్కెము తగిలించి లాగినచో దూలము వచ్చును గాని ఇల్లు రాదు అనెను. ఆమె అతనికి నిమ్మరస మిచ్చి పంపెను. 2021 ఫిబ్రవరిలో టెక్సాసంతయు గడ్డకట్టి దీపములారిపోయినపుడు, మా నలుగురిని తన గ్యాసు పొయ్యి యొద్ద మూడు రాత్రులు కూర్చుండబెట్టుకొన్న తల్లి ఆమె. ఒక్లహోమాలో నున్న కూతురివద్దకు పోవుదునని చెప్పెను. కూతురితో ఆమెకు సరిపడదని నాకు తెలియును. "మాతో రండు" అను మాట నా నాలుకచివరకు వచ్చెను. మాకే రెండు గదులు. అప్పు మెడవఱకు నుండెను. నేననలేదు. అనియుండినను ఆమె వచ్చెడిది కాదని మా వారు ఓదార్తురు. కావచ్చును. నేననలేదు.

పోవుటకు ముందు ఆమె తన మెట్లు నాకిచ్చెను. ఆమె భర్త దేవదారు చెక్కతో తన చేతుల చేసినవి. నాలుగు మెట్లు, ఒక చేతికమ్మి. "ఇల్లు పోయిన తరువాత మెట్లెక్కి ఎక్కడికి పోదును?" అనెను.

మార్చి నెలలో గాలి లేని యొక దినమున తెల్లవారగనే పనివాండ్రు నలుగురు వచ్చిరి. చీకటిలో గాని పెద్దగాలిలో గాని ఇట్టి ఇండ్లను లాగరు. జాకీలతో ఒక్కొక్క మూల అంగుళ మంగుళముగా లేపి, పట్టీలు కోసి, దిమ్మెలు తీసి, ఇరుసులు బిగించిరి. పొట్టిలారీ వెనుకకు వచ్చి కొక్కెము పట్టుకొనెను. పసుపుగుడ్డమీద నల్లని పెద్ద యక్షరములతో 'ఓవర్‌సైజ్ లోడ్' అని వ్రాసియున్నది కట్టిరి. ఇల్లు కదలుటకు ముందు ఒక నిట్టూర్పువంటి చప్పుడు చేసెను. అది యున్నచోట గడ్డి మొలవని పొడవైన నేల మిగిలెను.

దేవుని పటములు, దీపపుకుందెలు ఒడిలో పెట్టుకొని కారులో వెనుక బయలుదేరితిని. మా వంటింటి కిటికీ నా కెదురుగా రహదారిమీద పోవుచుండెను! ఎన్ని యేండ్లు ఆ కిటికీలోనుండి వెలుపలికి చూచితినో. వెలుపలినుండి దానివంక అంతసేపు చూచుట అదియే మొదలు. నిలువుగా తీసిన బొమ్మలలో దాచిన పొడవంతయు పట్టపగలు అందఱి కన్నుల యెదుట సాగిపోవుచుండెను. దాటిపోవు కారులలోని పిల్లలు చేతులూపిరి. మా యమ్మాయి గర్వముతో తానును ఊపెను. సగముదూరమున టైరొకటి తుపాకి మ్రోగినట్లు ప్రేలెను. ప్రక్కకు నిలిపి మార్చుటకు గంటసేపు పట్టెను. 38 మైళ్లకు మూడున్నర గంటలు.

అక్కడ వాకిలి తగవు వచ్చెను. కొక్కెపువైపు బాటకు రావలెనని మేస్త్రీ. వాకిలి తూర్పునకు రావలెనని నేను. ఎటు వచ్చినను చీకటిపడకముందు రావలెనని మా వారు. చివరకు ఉత్తర మైనది. ఉత్తరము కుబేరస్థానమని ఎవరికి వారు సమాధానపడితిమి. ఇది గృహప్రవేశమా కాదా యని పురోహితుని ఫోనులో నడుగగా, "ఇల్లు పాతది, నేల క్రొత్తది, నేలకు పూజ చేయుడు" అనెను. నాకది న్యాయముగనే తోచెను.

పనివాండ్రు నీరుపోసిన పొడవైన సన్నని గొట్టముతో ఈ కొసకు ఆ కొసకు మట్టము చూచుచు దిమ్మెలు పేర్చి, చెక్కమేకులు బిగించి, పట్టీలు కట్టిపోయిరి. లోపల ప్రతి తలుపుపైనను వెండ్రుకవంటి పగులు. పిల్లల యెత్తుల గీతలు మాత్రము చెదరలేదు. రెండు దినములు వాన కురిసెను. నాలుగవనాడు విద్యుత్తు వచ్చినంతనే పాలు పొంగించితిని. పాలన్నియు ఒకేవైపునకు, నైరృతిమూలకు పొరలిపోయెను. "పొయ్యి సరిగా లేదు" అని మా వారు. మా యబ్బాయి తన గోలీ తెచ్చి నేలపై విడిచెను. అది వంటింటినుండి బయలుదేరి స్నానపుగది గడపవఱకు దొరలిపోయెను. మేస్త్రీని పిలిపింపగా, ఒక దిమ్మెల దొంతర తడిసిన రేగడిలోనికి అరయంగుళము దిగినట్లు కనబడెను. కంకర ఆ మూలను పలుచగా పడినది. దానిని సరిచేసి, మేకు బిగించి, ఏటేట వేసవి కడపట మట్టము చూచుకొనుమని చెప్పి పోయెను. అట్లే చూచుకొనుచున్నాము.

పెద్దమ్మగారి యింటిని యంత్రపుచేయి అరగంటలో పడగొట్టెనని తోటలో తుదివఱకు మిగిలిన యొక యిరుగమ్మ చెప్పెను. ఒక్లహోమాకు నెలకొకసారి ఫోను చేయుదును. మెట్లు ఎట్లున్నవని యామె మొదట నడుగును. క్రొత్తచోట మా గడప వెనుకటికంటె ఎత్తైనది. నాలుగు మెట్లు చాలలేదు. క్రింద ఒక చదునుబండ వేసితిమి. వానకాలమున అది కొంచెము ఊగుచున్నది. ఆ మాట యింకను ఆమెతో చెప్పలేదు. వచ్చు ఆదివారము మా వారికి సెలవు. బండ లేపి క్రింద కంకర వేయవలెను.